వేదిక్ వాయిసెస్: డేవిడ్ నైప్ పుస్తకం ఎందుకు కొనాలి, ఎలా చదవాలి

కోనసీమ అగ్రహారాల్లో నిత్యాగ్నిహోత్రం (రోజూ రెండు పూటలా ఇంటి అగ్నిలో చేసే హోమం) చేసుకుంటూ బతికిన కుటుంబాల మీద ఇంగ్లీషులో ఒక నిండు పుస్తకం ఉంది. పూర్తి పేరు ‘వేదిక్ వాయిసెస్: ఇంటిమేట్ నెరేటివ్స్ ఆఫ్ ఎ లివింగ్ ఆంధ్రా ట్రెడిషన్’. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ 2015లో వేసింది. రాసినాయన డేవిడ్ ఎం. నైప్, అమెరికాలో మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా మతాలు బోధించిన ఆచార్యుడు. పది కుటుంబాలు, నాలుగు తరాలు ఇందులో ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పుట్టిన పండితులతో మొదలై, ఏడో ఏట సంథ (గురువు నోట వేదపాఠం) మొదలుపెడుతున్న వాళ్ల మునిమనవల దాకా వస్తుంది.

కొనదగ్గ పుస్తకం. ఆ మాట ముందే చెప్పేస్తున్నాం. అయితే యజ్ఞం ఎలా చేయాలో తెలుసుకుందామని కొంటే మాత్రం నిరాశ తప్పదు. ఇది ప్రయోగ గ్రంథం కాదు. ఏ మంత్రానికి ఏ సమిధ, ఏ ఇష్టికి (చిన్న యాగానికి) ఎన్ని కపాలాలు (హవిస్సు రొట్టె కాల్చే పెంకులు) అన్న లెక్కలకు యజ్ఞవిధులు చెప్పే ఆపస్తంబ శ్రౌతసూత్రం, దాన్ని చేతితో చేయించి చూపించే గురువు ఉన్నారు. నైప్ పుస్తకాన్ని మనుషుల కోసం కొనాలి. ముఖ్యంగా సోమయాగం చేసిన సోమయాజుల పక్కన కూర్చున్న భార్యల కోసం, సోమిదేవమ్మల కోసం కొనాలి. వాళ్ల మాట పుస్తకంలోకి ఎక్కడం చాలా అరుదు.

ఈ పుస్తకాన్ని తూచాలంటే ఆయన ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చాడో చూడాలి. నైప్ షికాగో విశ్వవిద్యాలయంలో మిర్చా ఎలియాడె దగ్గర చదువుకున్నాడు. ఎలియాడె రుమేనియావాడు. 1928లో కలకత్తా వచ్చి సురేంద్రనాథ్ దాస్‌గుప్తా దగ్గర భారతీయ దర్శనాలు చదువుకున్నాడు, 1957 నుంచి షికాగోలో పాఠం చెప్పాడు. వేరువేరు దేశాల పురాతన మతాలను పక్కపక్కన పెట్టి, వాటన్నిటిలో కనిపించే మూల రూపాలను వెతకడం ఆ బడి పద్ధతి. అందులో గ్రంథాలదే పెద్ద పీట. ఊళ్లో ఉన్న మనిషి వాటి తరువాతే. నైప్ తొలి పుస్తకం కూడా అలాంటిదే: ‘ఇన్ ద ఇమేజ్ ఆఫ్ ఫైర్’. వేదంలో వేడిమి, తపస్సు, అగ్ని గురించి రాసిన ఆ పుస్తకం 1975లో ఢిల్లీలో మోతీలాల్ బనారసీదాస్ ప్రచురణగా వచ్చింది.

ఆ తరువాత ఆయన రాసినవి వరసగా పెట్టి చూస్తే, అగ్ని మీద మొదలైన చూపు ఒక్కో మెట్టూ దిగి ఇళ్లలోకి రావడం కనిపిస్తుంది. 1977లో సపిండీకరణం మీద ఒక వ్యాసం రాశాడు. పన్నెండో రోజున ప్రేతపిండాన్ని మూడు ముక్కలు చేసి తండ్రి, తాత, ముత్తాతల పిండాల్లో కలిపే కర్మ అది. మన ఇళ్లలో ఇప్పటికీ జరుగుతున్న పనికి వేదంలో వేళ్లు ఎక్కడున్నాయో అందులో విడదీసి చూపించాడు. 1989లో కోస్తాంధ్ర వీరభద్ర ఆరాధన మీద రాశాడు. చిన్నతనంలోనే పోయిన పిల్లలు వీరభద్రులై ఇంటి దేవుళ్లవడం, వాళ్లు ఇంటివాళ్ల మీదికి పూనకంగా రావడం ఆ వ్యాసంలో విషయం. 1995లో శనిగ్రహం మీద, ఆయన్ని శాంతింపజేసే పద్ధతుల మీద ఇంకొకటి. మందపల్లి శనీశ్వరుడి దగ్గర తైలాభిషేకాలు చూసి పెరిగినవాళ్లకు ఈ విషయం కొత్త కాదు. ఒక విదేశీ పండితుడు దాన్ని వేదానికి తక్కువ స్థాయి సంగతిగా చూడకుండా, అంతే శ్రద్ధతో రాయడం మాత్రం చూడదగ్గది. మధ్యలో 1991లో హిందూమతం మీద విద్యార్థులకు చిన్న పాఠ్యపుస్తకం కూడా రాశాడు.

1997లో, వేదకర్మలను పరిశోధించిన ఫ్రిట్స్ స్టాల్ గౌరవ సంచికలో నైప్ వ్యాసం ఒకటి వచ్చింది. గోదావరి డెల్టాలో ఒక కుర్రాడు ‘వేదం అవడం’, అంటే వేదాన్ని నోటికి నిలుపుకోవడం, దాని అంశం. 2015 పుస్తకానికి మొలక అదే. ఆ వ్యాసం స్టాల్ పేరు మీది సంచికలో రావడానికి అర్థం ఉంది. కేరళలో పాంజాళ్‌లో 1975 ఏప్రిల్‌లో నంబూద్రీ బ్రాహ్మణులు చేసిన అగ్నిచయనాన్ని (ఇటుకల చితి పేర్చి చేసే సోమయాగాన్ని) పన్నెండు రోజులూ రికార్డు చేయించి, 1983లో రెండు పెద్ద సంపుటాలుగా వేసినవాడు స్టాల్. వాటిలో ప్రతి ఇటుక లెక్క, ప్రతి మంత్రం, ప్రతి కదలిక దొరుకుతుంది. ఇంటికి వెళ్లాక ఆ యజమాని ఎలా బతికాడు, ఆయన భార్య ఏమనుకుంది, కొడుకు ఏ ఉద్యోగానికి వెళ్లాడు అన్నవి స్టాల్ పట్టించుకున్న ప్రశ్నలు కావు. నైప్ అడిగినవి సరిగ్గా అవే. ఈ రెండు పద్ధతులూ తెలిసినవాళ్లకు వేదిక్ వాయిసెస్ విలువ ఎక్కడుందో చప్పున అందుతుంది.

పుస్తకం నడక స్థూలంగా ఇలా ఉంటుంది. మొదట నేల, చరిత్ర, తీర్థాలు, ఈ సీమలో పుట్టి పేరు పొందినవాళ్లు. తరువాత కుటుంబాలు. ఆ తరువాత వేదాధ్యయనం. చివరికి అగ్నులు, యజ్ఞాలు, మరణం. మొదటి భాగం గోదావరి చూడనివాళ్ల కోసం రాసింది. ధవళేశ్వరం దగ్గర నది గౌతమిగా, వసిష్ఠగా చీలడం, కాటన్ ఆనకట్ట 1852కి పూర్తయి డెల్టా వరిచేలు నిలబడటం లాంటివి ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ పేజీలు ముందు వదిలేసి కుటుంబాల దగ్గర మొదలుపెడితే మంచిది. మనుషుల మీద మనసు నిలిచాక వెనక్కి వచ్చి చదివితే ఆ భూగోళం కూడా రుచిస్తుంది.

ఒక జాగ్రత్త. పుస్తకం వచ్చింది 2015లో, కాబట్టి అందులో తూర్పుగోదావరి అంటే పాత పెద్ద జిల్లా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అంబాజీపేట, అయినవిల్లి, కొత్తపేట వైపు ఊళ్లన్నీ ఇప్పుడు అమలాపురం కేంద్రంగా ఉన్న కోనసీమ జిల్లాలో ఉన్నాయి. కనుమ నాడు జగ్గన్నతోటకు ప్రభలు వచ్చే వ్యాఘ్రేశ్వరం, నేదునూరు, ముక్కామల లాంటి ఊళ్లు ఎక్కడున్నాయో తెలిసినవాళ్లు, పాత మండలాల పటం ఒకటి పక్కన పెట్టుకుంటే చాలు.

అధ్యయనం గురించిన భాగం పుస్తకానికి గుండెకాయ. తైత్తిరీయం (ఈ కుటుంబాలు చదివే యజుర్వేద శాఖ) పూర్తిగా నోటికి రావడానికి ఎనిమిది నుంచి పన్నెండేళ్లు పడుతుందని అక్కడ తెలుస్తుంది. ఈ అంకె చూసి ‘అన్నేళ్లా’ అని దాటిపోయేవాళ్లే ఎక్కువ. లెక్క వేసి చూస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో తేలుతుంది. సంహిత 7 కాండలు, 44 పన్నాలు (అధ్యాయాలు), 651 అనువాకాలు (వాటిలోని విభాగాలు), 2198 పనసలు. పనస అంటే యాభై పదాల ముక్క. రోజుకు రెండు పనసలు కొత్తగా చెప్పించుకున్నాడనుకుందాం. నెలలో రెండు పాడ్యములు, రెండు అష్టములు, రెండు చతుర్దశులు, పున్నమి, అమావాస్య కలిపి ఎనిమిది రోజులు అనధ్యయనం, అంటే పాఠం ఉండదు. కొత్త పాఠానికి మిగిలేవి ఇరవై రెండు రోజులు. ఆ లెక్కన సంహిత ఒక్కదానికే నాలుగేళ్లు దాటుతుంది. అదీ జ్వరం రాకుండా, పండుగలు, ఉపాకర్మలు, ఇంట్లో మైల లాంటివేవీ అడ్డు రాకుండా ఉంటే. దాని తరువాత బ్రాహ్మణం 28 పన్నాలు, ఆరణ్యకం 10. అన్నీ కలిస్తేనే ఎనభై రెండు పన్నాలూ చదివినట్టు.

పొద్దున చెప్పించుకున్న పాఠం మళ్లీమళ్లీ తిప్పకపోతే నిలవదు. గురువు ఒకసారి చెబితే శిష్యుడు రెండుసార్లు చెప్పాలి. ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం ఒక్కచోట తప్పినా గురువు అక్కడే ఆపుతాడు. ఎందుకంటే తప్పు స్వరంతో నోటికి పట్టిన పనసను తరువాత దిద్దడం కొత్త పనస నేర్పడం కంటే కష్టం. దీని పైన పదం, క్రమం, జట, ఘన ఉన్నాయి. క్రమంలో పదాలు రెండేసి జతలుగా ముందుకు నడుస్తాయి. జటలో అదే జత ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు వస్తుంది: ‘గణానాం త్వా త్వా గణానాం గణానాం త్వా’. ఘనలో మూడో పదం కూడా చేరుతుంది: ‘గణానాం త్వా త్వా గణానాం గణానాం త్వా గణపతిం గణపతిం త్వా గణానాం గణానాం త్వా గణపతిం’. పదాలు తిరగబడ్డప్పుడల్లా వాటి మధ్య సంధి మారుతుంది, స్వరం మారుతుంది. మారిన ప్రతి చోటా సరిగ్గా పలకగలిగినవాడే ఘనాపాఠి. ఒక్క అక్షరం జారినా పక్క జతలో పట్టుబడుతుంది. వేదం రాతలేకుండా ఇన్ని తరాలు మారకుండా రావడం వెనక ఉన్న యంత్రాంగం ఇదే.

ఈ లెక్కలు తెలిసి చదివితే, ఏడేళ్ల పిల్లవాడిని ఇంగ్లీషు మీడియం బడికి పంపాలా, తండ్రి ముందు కూర్చోబెట్టాలా అన్న ప్రశ్న ఆ ఇళ్లలో ఎంత బరువైనదో తెలుస్తుంది. రెండూ చేద్దామంటే రోజు సరిపోదు. పదేళ్లు వేదానికి ఇచ్చినవాడు పద్దెనిమిదేళ్లకు ఇంకో చదువులో ఒకటో మెట్టు మీద ఉంటాడు. ఇంజనీరింగుకు పంపితే గొలుసు అక్కడితో ఆగుతుంది. వేదసభల సంభావనలు, దేవస్థానాలు వేదపారాయణదారులకు ఇచ్చే భృతి వచ్చాక కొంత ఊపిరి అందిన మాట నిజం. అది ఒక మనిషి పొట్టకు ఆధారం. తరువాతి తరాన్ని కూర్చోబెట్టడానికి ఆ ఒక్కటే చాలదు. పిల్లలకు చిన్నప్పుడే పెళ్లిళ్లు నిశ్చయించి చేసిన సంగతిని కూడా పుస్తకం దాచలేదు.

ఇక అగ్నులు. ఇక్కడ పాఠకుడికి కొంత ముందస్తు సరంజామా కావాలి, లేకపోతే సగం అర్థం కాదు. ఆధానం (యజ్ఞాగ్నులను ఇంట్లో ప్రతిష్ఠించుకోవడం) చేసుకున్న దంపతుల ఇంట్లో మూడు కుండాలు ఉంటాయి. పడమటి వైపు గుండ్రంగా గార్హపత్యం, తూర్పున చతురస్రంగా ఆహవనీయం, దక్షిణాన అర్ధచంద్రాకారంలో దక్షిణాగ్ని. యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బసూత్రాల లెక్కలో మూడింటి వైశాల్యమూ ఒకటే కావాలి. గార్హపత్యం ఆరకుండా కాపాడుకోవాలి. హోమం వేళకు అందులోంచి ఆహవనీయానికి నిప్పు తీసుకెళ్తారు. పొద్దున, సాయంత్రం రెండు పూటలా పాలతో అగ్నిహోత్రం. సాయంత్రం అగ్నికి, పొద్దున సూర్యుడికి. పాడ్యమికి దర్శపూర్ణమాసేష్టులు.

నిప్పు ఆరిపోతే ప్రాయశ్చిత్తం చేసి అరణులు (రాపిడితో నిప్పు పుట్టించే కొయ్యలు) మథించాలి. ఈ పని డెల్టాలో ఎందుకు కష్టమో బయటివాళ్లకు తెలియదు. జమ్మిచెట్టు మీద మొలిచిన రావి నుంచి తీసిన కొయ్య అరణి. కింది పలక అధరారణి, దాని మీద కవ్వంలా తిరిగే ముక్క, ఆ ముక్కను నిలువుగా పట్టుకునే చట్రం, చుట్టిన తాడు. ఒకరు నొక్కి పట్టుకుంటే ఇంకొకరు తాడు లాగాలి. రాపిడికి నల్లని పొడి రాలి, అందులో నిప్పురవ్వ పుడుతుంది. శ్రావణ భాద్రపదాల్లో గోదావరి గట్ల మీద గాలి తడితో బరువెక్కి ఉంటుంది. కొయ్య ఆ తడిని పీల్చుకుంటుంది. అప్పుడు రాపిడి వేడిలో చాలా భాగం కొయ్యలోని నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. పొడి నల్లబడకముందే చల్లారుతుంది, తాడు జారుతుంది. అందుకే అరణులను పొయ్యి వేడి తగిలేచోట, గుడ్డ చుట్టి దాచుకుంటారు. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుఫాను చూసిన సీమ ఇది. లంకల్లో, ఏటిగట్ల పక్కన ఉన్న ఇంట్లో మూడు అగ్నులను నిలబెట్టుకోవడం అంటే ఏమిటో ఆ రెండేళ్లను తలుచుకుంటే తెలుస్తుంది.

దంపతులిద్దరూ అగ్నులను ఇంట్లో వదిలేసి ఊరు దాటకూడదు. తప్పనిసరైతే మంత్రంతో అగ్నిని అరణుల్లోకి ఆరోపణ చేసుకుని, చేరినచోట మళ్లీ మథించాలి. కొడుకు అమెరికాలో ఉంటే చూడటానికి వెళ్లడం ఎందుకు కుదరదో ఇక్కడ తెలుస్తుంది. బంధువుల పెళ్లికి భర్త ఒక్కడే వస్తాడు, భార్య రాదు. భార్య వస్తే భర్త రాడు. చూసేవాళ్లకు అది పట్టింపులా కనిపిస్తుంది. నిజానికి అది సూత్రం పెట్టిన కట్టుబాటు.

భార్య లేనిదే ఆధానమే లేదు. బ్రహ్మచారికి అగ్నిహోత్రం లేదు. యజ్ఞంలో ఆమె చేసే పనులు తక్కువగా కనిపించినా, ఆమె లేకపోతే ఏ పనీ మొదలవదు. భర్త కంటే ముందు ఆమె పోతే ఆమెను ఆ అగ్నులతోనే దహనం చేస్తారు. దాంతో భర్త ఒక్క పూటలో అగ్నులు లేనివాడైపోతాడు. యాభై ఏళ్లు రెండు పూటలా హోమం చేసిన చేతులకు ఆ సాయంత్రం నుంచి పని ఉండదు. అందుకే సోమిదేవమ్మ మాట లేకుండా ఆహితాగ్ని (ఆధానం చేసుకున్నవాడి) జీవితం రాయడం కుదరదు. నైప్ ఇది గుర్తించాడు. ఆడవాళ్లతో మాట్లాడాడు, వాళ్ల చిన్నప్పటి సంగతులు, అత్తవారింటి బరువులు, మడి వంటల అలసట, భర్త పాండిత్యం మీద వాళ్లకున్న గర్వం పుస్తకంలోకి తెచ్చాడు. శ్రౌతం (వేదయజ్ఞాల విధి) మీద వచ్చిన ఇంగ్లీషు పుస్తకాల్లో దీనికి సాటి అరుదు. ఈ ఒక్క కారణానికే కొనమంటాం.

మరణం గురించిన భాగం కూడా నెమ్మదిగా చదవాలి. ఆహితాగ్ని పోతే ఆయన అగ్నులతోనే, ఆయన యజ్ఞపాత్రలతోనే దహనం. కుడిచేతిలో జుహువు, ఎడమచేతిలో ఉపభృత్తు, గుండె మీద ధ్రువ. ఇన్నేళ్లూ వాడిన కొయ్య గరిటెలన్నీ శరీరం మీద పేర్చి నిప్పు పెడతారు. కొడుకుకు అవి వారసత్వంగా మిగలవు. ఆ అగ్నీ రాదు, ఆ కొయ్య పాత్రలూ రావు. కావాలంటే అతను తన భార్యతో కూర్చుని కొత్తగా ఆధానం చేసుకోవాలి, కొత్త అరణులు, కొత్త పాత్రలు చేయించుకోవాలి. ఒక తరం ఊరుకుంటే ఆ ఇంట్లో పట్టుకు రావడానికి ఏ నిప్పూ ఉండదు. తొలి పుస్తకంలో వేద మంత్రాల్లోని అగ్నిని, రెండేళ్ల తరువాత పిండాల వ్యాసంలో చనిపోయినవాడి కొత్త శరీరాన్ని వెతికిన పండితుడు, ఈ భాగం దగ్గర రెంటినీ ఒకే ఇంట్లో చూస్తాడు. ఆయన జీవితకాలపు చదువంతా ఈ పేజీల్లో పని చేసింది.

సోమయాగాల గురించి చెప్పేటప్పుడు వాటిలో మొదటిదైన అగ్నిష్టోమం స్వరూపం ముందే తెలిసి ఉంటే సులువు. దీక్ష ఒక రోజు, ఉపసత్తులు (ముందు చేసే హోమాలు) మూడు రోజులు, సుత్య (సోమరసం పిండి హోమం చేయడం) ఒక రోజు కలిపి మామూలుగా ఐదు రోజులు. పదహారుగురు ఋత్విక్కులు, పన్నెండు స్తోత్రాలు (పాడేవి), పన్నెండు శస్త్రాలు (పఠించేవి). ఉపసత్తు రోజుల్లో ప్రవర్గ్యం ఉంటుంది. మహావీరమనే మట్టిపాత్రలో నెయ్యి సలసల కాగాక ఆవుపాలు, మేకపాలు పోస్తారు. పాలలోని నీరు ఒక్కసారిగా ఆవిరై కాగిన నేతిని పైకి విసురుతుంది, అది అంటుకుని నిలువెత్తు మంట లేస్తుంది. ఆ మంట తాటాకు పందిరి కింద లేస్తుంది కనుక పైకప్పు ఎత్తు చాలకపోయినా, పాలు ఒక్క ధారగా ఎక్కువ పోసినా ప్రమాదమే. చయనంతో కలిపి చేస్తే గద్ద ఆకారంలో ఐదు వరుసల చితి పేర్చాలి. ఆపస్తంబ లెక్కలో వరుసకు రెండు వందలు, మొత్తం వెయ్యి ఇటుకలు. కింది వరుస కీళ్ల మీద పై వరుస కీళ్లు పడకూడదు, అందుకని బేసి వరుసలకు ఒక అమరిక, సరి వరుసలకు ఇంకొకటి. ఇటుకలు కాలినప్పుడు కుంచించుకుపోతాయి, కాబట్టి అచ్చు ఆ మేరకు పెద్దది చేసుకోవాలి. ఇంత సాంకేతిక వివరం నైప్ దగ్గర వెతక్కండి.

ఇప్పుడు లోపాలు. అట్ట మీద, ప్రచారంలో, సోమయాగాన్నీ పశుయాగాన్నీ వైదిక పద్ధతిలో చేసేవాళ్లలో భారతదేశంలో చివరివాళ్లు వీళ్లేనన్న మాట వినిపిస్తుంది. దీన్ని అలాగే మింగకూడదు. పాంజాళ్‌లోనే 2011 ఏప్రిల్‌లో అతిరాత్రమనే సోమయాగం మళ్లీ జరిగింది. తమిళనాడులో, మహారాష్ట్రలో, కర్ణాటకలో సోమయాగాలు చేసినవాళ్లున్నారు. పాంజాళ్‌లో 1975లోనే పశువుకు బదులు ఆకులో చుట్టిన పిండిని వాడారు కనుక, నిజమైన పశువుతో అన్న అర్థంలో ఆ మాటకు కొంత బలం ఉంది. ఆ షరతు గట్టిగా చెప్పకుండా ‘చివరివాళ్లు’ అనడం పెద్ద మాట. అలాగే ‘3700 ఏళ్ల వారసత్వం’ అన్న అంకెను పండితుల అంచనాల్లో ఒకటిగానే తీసుకోవాలి. ఋగ్వేద సూక్తాల కాలం క్రీస్తుపూర్వం 1500–1000 మధ్య అని చాలామంది చరిత్రకారులు వేస్తారు. ఆ లెక్కకే కట్టుబడితే ఈ అంకె కొంచెం ఎక్కువ చెప్పినట్టే.

పశువు విషయం ఇక్కడి పాఠకుల్లో కొందరిని ఇబ్బంది పెడుతుంది. నైప్ దాన్ని సంచలనంగా రాయలేదు, కప్పిపుచ్చలేదు. ఆ ఇళ్లవాళ్లు తమ పనిని ఎలా చూస్తారో అలాగే రాశాడు. ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించాలనుకుంటే ఆ పేజీలు ముందుగా ఒకసారి చూసుకోండి.

ఇంకొక పరిమితి. పుస్తకం పరిధి పది వైదిక కుటుంబాలు. ఆ అగ్రహారాల చుట్టూ పొలం దున్నినవాళ్లు, కుండలు చేసినవాళ్లు, యాగశాలకు పందిరి వేసినవాళ్లు, వెదురు, దర్భ, పాలు తెచ్చినవాళ్లు అంచుల్లోనే ఉంటారు. మహావీర పాత్రల మట్టి, చయనం ఇటుకలు, సోమలత తెచ్చే మనిషి, వీళ్లెవరూ లేకుండా యాగం జరగదు. నైప్‌కు ఈ లోకం తెలియనిది కాదు. రాజమండ్రి ప్రాంతపు వీరభద్ర ఆరాధన మీద రాసినవాడే కదా. కనుక ఈ పుస్తకంతో పాటు 1989 వ్యాసం కూడా చదవమని మా సలహా. రెండూ కలిస్తేనే ఆయన చూసిన గోదావరి సీమ పూర్తిగా కనిపిస్తుంది.

మూడోది, ఇది గొంతుల గురించిన పుస్తకం. కాగితం మీద గొంతు ఉండదు. వేదపఠనాన్ని యునెస్కో 2003లోనే మౌఖిక వారసత్వంగా ప్రకటించింది, 2008లో జాబితాలో చేర్చింది. తైత్తిరీయ ఘనపాఠం రికార్డింగులు తేలిగ్గానే దొరుకుతాయి. అధ్యయనం అధ్యాయం తెరిచేముందు పది నిమిషాలు వినండి. పైన చెప్పిన ముందూ వెనకా నడక చెవికి పట్టాక, పండితుడు తన బాల్యం గురించి చెప్పే మాటలు ఇంకో రకంగా వినిపిస్తాయి. ఆంధ్ర పఠనమే ఎంచుకోండి. కేరళ, మహారాష్ట్ర పద్ధతుల్లో ఉచ్చారణ, విరామాలు వేరు. వాటితో మొదలుపెడితే చెవి తికమకపడుతుంది.

కొనేవాళ్లకు రెండు మాటలు. గట్టి అట్ట, మెత్త అట్ట రెండూ వచ్చాయి. చదువుకోవడానికి మెత్త అట్ట చాలు. విశ్వవిద్యాలయంలో ఉన్నవాళ్లు ముందు తమ గ్రంథాలయాన్ని అడగండి. ఆక్స్‌ఫర్డ్ వారి ఆన్‌లైన్ సేవకు చందా ఉంటే అధ్యాయాలు విడివిడిగా తెరుచుకుంటాయి. ఎలక్ట్రానిక్ ప్రతిలో వెతుకులాట సౌకర్యం ఉంటుంది కనుక, తమ ఊరి పేరో, ఇంటిపేరో ఎక్కడొచ్చిందో చూసుకోవాలనుకునే కోనసీమవాళ్లకు అదే మేలు. వెతికేటప్పుడు ఒక పేరును రెండు మూడు రోమన్ వర్ణక్రమాల్లో కొట్టి చూడండి. కోనసీమను Konaseema అని కాక Konasima అని రాసినట్టే మిగతా పేర్లూ మనం రోజూ రాసుకునేలా ఉండకపోవచ్చు. చేతిలో పెన్సిల్ పెట్టుకుని, రోమన్ అక్షరాల్లో కనిపించిన ప్రతి శ్రౌత పదం పక్కన తెలుగులో రాసుకుంటూ పోతే రెండో అధ్యాయానికల్లా చదువు వేగం పుంజుకుంటుంది.

తెలుగులోకి తేవాలనుకునేవాళ్లు ఇంగ్లీషు వాక్యం నుంచి కాకుండా, ఆ ఇళ్లలో మాట్లాడే తెలుగు నుంచి మొదలుపెట్టాలి. సోమిదేవమ్మ చెప్పిన మాట తెలుగులో పుట్టి ఇంగ్లీషులోకి వెళ్లింది. దాన్ని పత్రికల భాషలోకి దించితే ఆమె మళ్లీ దూరమైపోతుంది. శ్రౌత పదాలకు అర్థాలు పెట్టేటప్పుడు ఆపస్తంబ ప్రయోగం తెలిసిన ఘనాపాఠి ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఇష్టికీ ఇటుకకూ, పన్నానికీ పనసకూ తేడా తెలియనివాళ్ల చేతిలో ఆ పేజీలు పాడవుతాయి.